భూర్జవనానికి పన్నెండు వందల అడుగుల దిగువన

జూన్ 12, సోమవారం

యాత్రకు ముందు మంగళగిరి మెట్లు ఈ ఉదయం చివరిసారి ఎక్కాను. ఎక్కడా కూర్చోలేదు. డెబ్భై ఒకటో ఏట ఈ మాట రాసుకోవడంలో గర్వం ఉన్నదంటే ఉన్నది. నా పుస్తకంలో నేను రాసుకుంటున్నాను.

మా పాదచారుల సంఘం కార్యదర్శి రామకోటేశ్వరరావు గారు సగంలోనే కూలబడి సోడా తెప్పించుకున్నారు. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా లారీ ఇంజన్లు విప్పి బిగిస్తున్న మనిషి, సొంత ఇంజన్ మాత్రం ఏనాడూ విప్పి చూసుకోలేదు. "మీరు పదండి మేడం గారూ, నేనిక్కడే కూర్చుని కొండని బెదిరిస్తా" అన్నారు.

ఛాయాదేవి నాతో పైదాకా వచ్చింది. మూడుసార్లు ఆగింది, బూటు తాడు కట్టుకోవడానికి.

నలభై ఒక్క ఏళ్ళ స్నేహం మాది. ఒకే కళాశాలలో ఆమె గృహవిజ్ఞానం, నేను వృక్షశాస్త్రం చెప్పాము. పెళ్ళి వద్దనుకుని నేను ఒంటరిగా నిలిచినప్పుడు స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ వదలనిది ఆమె ఒక్కతే. ఆమె లేకుండా నేను ఏ కొండా ఎక్కలేదు.

ఈసారి హిమాలయం. పన్నెండు మందిమి, ఆరు టెంట్లు. పదివేల ఆరువందల అడుగుల ఎత్తున అడవిలో నాలుగు రాత్రుల మకాం. నాలుగోనాడు ఉదయం, అక్కడికి ఇంకా పన్నెండు వందల అడుగుల పైన ఉన్న భూర్జవనం.

ముప్ఫై నాలుగేళ్ళు భూర్జ వృక్షం గురించి పాఠం చెప్పాను. కాగితం లేని కాలంలో దాని బెరడు మీద ఎలా రాసేవారో, పొర పొరగా అది ఎలా ఊడివస్తుందో నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపేదాన్ని. ఒక ఏడు ఒక అమ్మాయి లేచి, "మీరు ముట్టుకుని చూశారా మేడమ్?" అని అడిగింది. చూశానన్నాను. తరగతి గదిలో నేను ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. దాన్ని నిజం చేసుకోవడానికి వెళుతున్నాను.

జూన్ 15

సంఘం సమావేశంలో అధ్యక్షురాలిగా నియమావళి చదివి వినిపించాను. రాసింది నేనే కనుక చదవడమూ నాకే చెల్లింది.

ఒకటి: ఒక టెంట్‌లో ఉన్న ఇద్దరూ రోజూ తెల్లవారి లేవకముందే ఒకరి వేలికి ఒకరు ఆక్సీమీటర్ పెట్టి చూసి, ఒకరి కార్డు ఒకరు నింపాలి. తన అంకె తాను రాసుకోకూడదు. మనిషి తన విషయంలో ఎప్పుడూ ఉదారంగానే ఉంటాడు. రెండు: ఆక్సిజన్ ఎనభైకి తగ్గినవారు ఆ రోజు పైకి వెళ్ళరాదు. మూడు: ఒకరు ఆగిపోతే అదే టెంట్‌లోని రెండవవారూ ఆగాలి. కొండ మీద ఎవరినీ ఒంటరిగా వదలరాదు.

సింధూరి చెయ్యెత్తింది. బ్యాంకులో పనిచేస్తుంది, ఇరవై ఆరేళ్ళు. "మూడోది అన్యాయం కదా మేడమ్? బాగున్నవాళ్ళు ఏం పాపం చేశారు?"

"జోడీని ఎంచుకునేటప్పుడే ఆ ఆలోచన ఉండాలమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. ఛాయ అందరికంటే గట్టిగా నవ్వింది.

మమ్మల్ని తీసుకువెళుతున్న జోయెల్ మాత్రం నవ్వలేదు. గుణదల కుర్రవాడు, పదేళ్ళుగా ఇదే వృత్తి. "ఈ మూడే నా బండికి బ్రేకులు. పైకెళ్ళాక నన్ను ఎవ్వరూ బతిమాలొద్దు" అన్నాడు. నాకు నచ్చాడు.

జూన్ 19

ఆషాఢం వచ్చింది. ఛాయ గోరింటాకు రుబ్బి గిన్నెతో సహా దిగింది.

"పెట్టుకోవే సరసూ. ఆషాఢంలో పెట్టుకుంటే ఒంట్లో వేడి లాగేస్తుంది."

"మనం వెళ్ళే చోట వేడి ఎక్కడుంది, లాగడానికి?"

"నీతో మాట్లాడితే నా గోళ్ళే కాదు, మొహం కూడా ఎర్రబడుతుంది" అని, పదివేళ్ళకూ తనే టోపీలు పెట్టుకుని, మంచినీళ్ళు కూడా నా చేతే తాగించుకుంది. మూడు ఇడ్లీలు కూడా నేనే తినిపించాను. తిండి విషయంలో ఛాయ ఏనాడూ లోటు చేసుకోదు.

బాగా పండింది. గోళ్ళు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

జూన్ 20

రైలు. ఛాయ గురక. నాకు నిద్ర లేదు, సంతోషం వల్ల.

జూన్ 23

మకాం చేరాము. దేవదారులు దిగువనే ఆగిపోయాయి. ఇక్కడ ఫర్ చెట్లు, నాచు పట్టిన ఓక్ చెట్లు. నేల మీద మెత్తగా సూదుల్లాంటి ఆకులు. టెంట్ వేయడానికి నేను జోయెల్ సాయం తీసుకోలేదు. రామకోటేశ్వరరావు గారి టెంట్ రెండుసార్లు పడిపోయింది. మూడోసారి నిలిచాక దానికి నమస్కారం పెట్టి లోపలికి దూరారు.

ఆవకాయ సీసా మూత తిప్పితే సోడాలాగా బుస్సుమంది. చిప్స్ పొట్లాలన్నీ దిండ్లలా ఉబ్బాయి. ఎత్తు అంటే ఏమిటో సింధూరికి వీటితోనే బోధపరిచాను.

భోజనం వేళ జోయెల్ పైకి చూపించాడు. ఫర్ చెట్ల కొసల మీదుగా లేత రంగు గీత ఒకటి. "అదే మేడమ్, మీ చెట్లు."

చాలాసేపు నిలబడ్డాను.

జూన్ 24

నాకు 85. ఛాయకు 81. సరిపోతుంది.

జూన్ 25

అలవాటు కోసం వాగు దాకా నడిపించాడు జోయెల్. ఛాయ వెనకబడింది. మధ్యాహ్నం ఉప్మా ముట్టలేదు. ఆమె ఎప్పుడూ తక్కువే తింటుంది.

సాయంత్రం వంట టెంట్ పక్కన జోయెల్‌తో రేపటి ఏర్పాట్ల గురించి కొంచెం మాట్లాడాను. అవసరమైన మాటలే.

ఉదయం నాలుగున్నరకు లేవాలి. బూట్లు, కర్ర, భూతద్దం సిద్ధం.

జూన్ 26, సోమవారం, మధ్యాహ్నం

మకాంలోనే ఉన్నాను.

క్రమంగా రాస్తాను. రాస్తే కుదురు వస్తుంది.

నాలుగున్నరకు లేచాము. స్లీపింగ్ బ్యాగ్‌లోనే ఉండి ఛాయ వేలికి మీటర్ పెట్టాను. 76. వేలు మార్చాను. 75. మళ్ళీ 76.

"గోరింటాకు వల్ల తప్పు చూపిస్తోందేమో" అంది ఛాయ. నిజమే, అంత నల్లటి గోళ్ళలోంచి వెలుతురు ఏం పోతుంది? శాస్త్రం తెలిసినదాన్ని కనుక ఆ లెక్కకు తగినట్టు 84 వేశాను. ఆమె ఇంత దూరం వచ్చి ఒక గోరింటాకు మూలాన ఆగిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. స్నేహం కోసం ఆ మాత్రం చేయనివారు ఎవరు?

తరువాత నా వేలికి ఆమె పెట్టింది. నా కళ్ళజోడు ఇంకా సంచిలోనే ఉంది. చూసి, రాసి, రెండు కార్డులూ తనే తీసుకుపోయి వంట టెంట్ ముందు తాడుకు తగిలించి వచ్చింది.

నేను బూట్లు కట్టుకుని, కర్ర పట్టుకుని, అందరికంటే ముందు వరసలో నిలబడ్డాను. జోయెల్ కార్డులు చదువుతూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"మేడమ్, మీకు డెబ్భై ఎనిమిది."

"ఎవరికి?"

"మీకే మేడమ్. సారీ. మీరు, ఛాయా మేడమ్ ఇవాళ ఇక్కడే."

"ఇంకోసారి చూడు" అనవచ్చు. అనలేదు. గత ఏడాది అరకు అవతలి కొండల్లో బీపీ అంకె చూసి ఆపినప్పుడు రామకోటేశ్వరరావు గారి భార్య మాణిక్యం గారు కన్నీళ్ళతో సరిగ్గా ఆ మాటే అన్నారు. పదిమంది ముందు నేను ఏమన్నానో అందరికీ గుర్తున్నది: "అంకెకు బంధుత్వాలుండవండీ." ఇవాళ ఆయన నా వైపు చూడకుండా నేలలోకి చూశారు. అది ఆయన మర్యాద. ఆ మర్యాద నాకు చెంపదెబ్బకంటే ఎక్కువగా తగిలింది.

ఛాయ నా భుజం మీద చెయ్యి వేసింది. "పోన్లేవే. నేనుంటాగా నీకు తోడు." అందరికీ వినిపించేలా అంది. సింధూరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, "ఫ్రెండ్‌షిప్ అంటే మీదే ఆంటీ" అంది ఆమెతో.

పదిమందీ వెళ్ళిపోయారు. చెట్ల మధ్య వారి మాటలు చాలాసేపు వినిపించాయి. రామకోటేశ్వరరావు గారు కూడా వెళ్ళారు.

ఛాయ హాయిగా నిద్రపోయింది.

అదే రోజు, నాలుగు గంటలకు

కళ్ళజోడు పెట్టుకుని నేనే చూసుకున్నాను. 86. ఎడమచేతి వేలు, 86. చూపుడువేలు, 87. ఆరుసార్లు చూశాను.

మీటర్‌లో రెండు అంకెలు వస్తాయి. పైన ఆక్సిజన్, కింద నాడి. నా నాడి 78, 79 మధ్య ఉన్నది. కింది అంకె చూసి పై గడిలో రాసింది. అంతే. చీకటి, చలి, నిద్రమత్తు. ఎవరికైనా జరుగుతుంది.

అంతే అయి ఉంటుంది.

అదే రోజు, సాయంత్రం

వాళ్ళు దిగివచ్చారు. వంటవాడు టీ ఇచ్చేలోపే పదిమందీ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. సింధూరి నా దగ్గరికి పరుగెత్తుకు వచ్చి అరచేయి తెరిచింది. గులాబీ రంగు, తెలుపు కలిసిన పల్చటి బెరడు ముక్క. "కింద పడి ఉన్నదే మేడమ్, చెట్టుని గిల్లలేదు. మీకోసం."

నేను అందుకునేలోపు ఛాయ తీసుకుంది. చెంపకు ఆనించుకుని, "అబ్బ, పట్టులా ఉందే సరసూ!" అంది.

నాకు అక్కరలేదన్నాను. సింధూరి మొహం చిన్నబోయింది. ఆ పిల్లకు నేను చేసినది అన్యాయమే. కానీ అప్పుడు ఆ చెంప మీది నుంచి నేను ఏదీ తీసుకోలేకపోయాను.

జూన్ 27

వాన. మకాం ఎత్తేశాము. తడిసిన టెంట్ మడతపెడుతుంటే జోయెల్ వచ్చి, ఊరికే అన్నట్టుగా, నా వేలికి తన మీటర్ పెట్టాడు. 87. నిన్నటి కార్డు జేబులోంచి తీసి చూశాడు.

"ఇది రాసిందెవరు మేడమ్?"

"నాడి అంకె చూసి రాసి ఉంటుంది. చీకట్లో."

"ఛాయా మేడమ్ ఇవాళ అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నారు. ఆవిడకి నిన్న ఎనభై నాలుగు ఎలా వచ్చింది?"

"గోరింటాకు" అన్నాను. ఆ మాటకు అర్థం లేదని అంటూ ఉండగానే నాకు తెలిసింది.

"గోళ్ళు నల్లగా ఉంటే కాలివేలికి పెట్టి చూస్తారు కదా మేడమ్. మీకు తెలియనిదా?"

అతను ఛాయ సంచి తన భుజానికి తగిలించుకుని, ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. నేను వెనక నడిచాను. దిగువన దేవదారుల దగ్గరికి వచ్చాక ఆమె పెదవులకు రంగు వచ్చింది. పకోడీలు అడిగింది.

జూన్ 29

రైలు. ఎదురెదురు బెర్తులు. ఇద్దరమూ కిటికీలోంచి చూశాము.

జూలై 3

ఛాయ వచ్చింది. నేను రమ్మనలేదు. పెరుగు తోడుపెట్టి చిన్న గిన్నెలో తెచ్చింది, ప్రయాణం నుంచి వచ్చినవాళ్ళ ఇంట్లో పెరుగు ఉండదని. నలభై ఒక్క ఏళ్ళుగా ప్రతి ప్రయాణం తరువాతా ఇంతే. ఆమె కూడా అదే ప్రయాణం నుంచి వచ్చిందన్న సంగతి ఇద్దరమూ మరిచిపోయినట్టు నటించాము.

కాఫీ ఇచ్చి అడిగాను. అడగడానికి ముందు ఆమెకు దారి కూడా నేనే వేసి ఇచ్చాను.

"ఆ రోజు కింది అంకె చూసి రాశావు కదూ? చీకట్లో."

ఆమె కప్పు కింద పెట్టింది. అవునంటే అక్కడితో అయిపోయేది. అవునంటుందనే ఎదురుచూశాను.

"లేదే. ఎనభై ఆరు అని స్పష్టంగా కనపడింది. నాకు కళ్ళు బాగానే ఉన్నాయి."

"మరి?"

"మరి నువ్వు నాకు ఎనభై నాలుగు ఎందుకేశావు?"

"నీకోసం. నువ్వు ఆగిపోకూడదని."

"నాకోసమా!" ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు కొత్త. "సరసూ, టెంట్ అంటే గుడ్డే కదే, గోడ కాదు. ముందురోజు సాయంత్రం నువ్వు జోయెల్‌తో అన్నదంతా విన్నాను. ఛాయ ఎలాగూ ఎక్కలేదు, నన్ను సింధూరి వాళ్ళ జోడీలో కలిపెయ్ అన్నావు. ఎలాగూ ఎక్కలేదు అన్నావు. అతను కుదర్దన్నాడు, మీరు రాసిన రూలే మేడమ్ అన్నాడు. తెల్లారేసరికి నా డెబ్భై ఆరు ఎనభై నాలుగైంది."

నేను నా కప్పులోని కాఫీ కలుపుతూ కూర్చున్నాను.

"నా పక్కన పడుకుని నా అంకె దిద్దావు. నా ఊపిరి ఆడటం లేదని నీకు వినపడటం లేదా? రాత్రంతా లేచి కూర్చున్నాను కదే."

"రాలేనని ఒక్క మాట అనవలసింది."

"నీతోనా? మాణిక్యం గారిని నువ్వేమన్నావో చూశాను. సగం మెట్ల దగ్గర కూర్చున్నవాళ్ళ మీద నువ్వు వేసే జోకులకి నలభై ఏళ్ళు నవ్వాను. బూటు తాడు ఎన్నిసార్లు ఊడుతుందే మనిషికి?"

"అయితే నన్ను ఆపుతావా? నన్ను? ఆ చెట్టు నాకు ఏమిటో ఈ లోకంలో నీ ఒక్కదానికే తెలుసు. తరగతిలో ఆడిన అబద్ధం సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

"తెలుసు." కొంగుతో బల్ల మీది కాఫీ మరక తుడిచింది. "తెలుసు కాబట్టే భయమేసింది. ఆ చెట్టు కోసం నన్ను ఎక్కడిదాకా నడిపిస్తావో అని."

పెరుగు గిన్నె కడిగి ఇమ్మంది. కడిగి ఇచ్చాను. వెళ్ళిపోయింది.

జూలై 4

ఆమె నన్ను మోసం చేసింది.

జూలై 5

ఆమె నన్ను మోసం చేసింది. చేసి, పదిమంది ముందు నా భుజం మీద చెయ్యి వేసి త్యాగమూర్తి అయింది. అడిగితే దాచను కూడా లేదు.

జూలై 6

జూన్ 26వ తేదీ పుట తిరగేసి చూశాను. "గోరింటాకు వల్ల తప్పు చూపిస్తోందేమో అంది ఛాయ" అని ఉన్నది.

ఛాయ అనలేదు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. ఆ మాట అన్నది నేను.

నా కోసమే రాసుకునే పుస్తకంలో నేను ఎవరికి చూపించుకోవడానికి మార్చి రాశాను?

జూలై 9, ఆదివారం

గవర్నర్‌పేటలో సంఘం సమావేశం. యాత్రా నివేదిక అధ్యక్షురాలు చదవాలి. చదివాను. దారి, వాతావరణం, చెట్ల పేర్లు. చివరి పేరా నిలబడి చదివాను.

"జూన్ 26 ఉదయం ఛాయాదేవి గారి ఆక్సిజన్ డెబ్భై ఆరు. దానిని ఎనభై నాలుగుగా రాసినది నేను. ఆమె ఆగితే నేను కూడా ఆగవలసి వస్తుందని రాశాను. ఆ అంకెతో ఆమె పైకి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. అధ్యక్ష పదవికి రాజీనామా చేస్తున్నాను." మాణిక్యం గారు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. ఆమె వైపు తిరిగి, నిరుడు అన్న మాటకు క్షమాపణ చెప్పాను. ఆమె పమిట సర్దుకుంటూ, "అయ్యో, కూర్చోండి మేడం గారూ" అన్నారు.

జోయెల్ నాకు నీళ్ళ సీసా అందించి వెళ్ళి కూర్చున్నాడు.

అప్పుడు సింధూరి, పాపం, ఏ కల్మషమూ లేకుండా అడిగింది: "మరి మీకు డెబ్భై ఎనిమిది ఎలా వచ్చింది మేడమ్? నెక్స్ట్ డే ఎనభై ఏడు ఉందని జోయెల్ అన్న అన్నాడు."

నేను ఛాయ వైపు చూశాను. రెండో వరసలో చివరి కుర్చీ. ఆమెకు చాలినంత వ్యవధి ఇచ్చాను. నీళ్ళ సీసా మూత తీసి, తాగి, మూత పెట్టి, కాగితాలు సర్ది, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

ఛాయ లేచింది.

"మెషిన్ అన్నాక ఒక్కోసారి తప్పు చూపిస్తుందమ్మా" అంది. తరువాత అందరి వైపూ తిరిగింది. "ఈవిడ రాజీనామా ఏంటండీ, చోద్యం కాకపోతే! పెద్దావిడ. ఏదో తాపత్రయం కొద్దీ చేసింది. నేను అప్పుడే మర్చిపోయాను. మీరూ మర్చిపోండి."

చప్పట్లు కొట్టారు. రామకోటేశ్వరరావు గారు కళ్ళు తుడుచుకున్నారు. "ఛాయమ్మ గారి మనసు వెన్నండీ" అన్నారు. జోయెల్ ఒక్కడే నా వైపు చూస్తూ కూర్చున్నాడు. అతనికి తెలుసు. నేను చెబితే నిలబడి సాక్ష్యం చెప్పేవాడు.

చెప్పలేదు.

మెట్లు దిగాక ఆమె ఆటో ఆపించింది. "ఎక్కవే సరసూ, సూర్యారావుపేటలో నిన్ను దింపేసి వెళ్తాను." గొంతులో ఏ మార్పూ లేదు.

"నడుస్తాను" అన్నాను.

"ఈ ఎండలోనా?"

"ఈ ఎండలోనే."

ఇల్లు చేరి, స్నానం చేసి, ఇది రాస్తున్నాను. ఆమె రాసిన అంకె సంగతి నేను బయటపెట్టి ఉంటే నా తప్పు జనం దృష్టిలో సగానికి తగ్గేది. నాకు సగం అక్కరలేదు. చేసినది పూర్తిగా నాది అని ఒప్పుకుని వచ్చాను. ఆమె చేసినది ఆమె దగ్గరే వదిలేశాను. ఎంతకాలం మోస్తుందో, ఎంత మెత్తగా మోస్తుందో, అది ఇక నేను చూడను.

జోయెల్‌కు ఫోన్ చేశాను. వచ్చే జూన్‌కు నా పేరు రాసుకోమన్నాను. నియమాలు నీ దగ్గర ఉన్నవి చాలు, నావి వద్దన్నాను. టెంట్‌లో జోడీగా ఎవరిని వెయ్యమంటారని అడిగాడు.

"నా మొహం మీద నన్ను కాదనగలిగినవాళ్ళు ఎవరైనా సరే" అన్నాను.

"సింధూరి అయితే కాదనగలదు మేడమ్" అన్నాడు.

రాసుకోమన్నాను.